మోడల్ రైలుకు ఎయిర్‌బ్రష్‌తో రంగు: మొదటి వ్యాగన్‌తో మొదలుపెట్టేవారికి

హెచ్‌ఓ స్కేలు మోడల్ అసలు రైలులో 87వ వంతు ఉంటుంది. ఆ లెక్కన మోడల్ మీద 0.1 మిల్లీమీటరు మందాన రంగు పడితే, అసలు వ్యాగన్ మీద దాదాపు 9 మిల్లీమీటర్ల మందాన పూసినట్టు. అంత పూత కింద తలుపు కీలు, నిచ్చెన మెట్టు, రేకుల అతుకు ఏవీ నిలబడవు. కుంచె ఎంత నేర్పుగా తిప్పినా ఈ చిక్కు పూర్తిగా తీరదు. స్ప్రే డబ్బా కొంత నయం. అయితే డబ్బాలో గాలి ఒత్తిడిని గానీ, రంగు చిక్కదనాన్ని గానీ మార్చుకునే వీలు లేదు. గాలి ఒత్తిడితో రంగును సన్నటి పొగలా చిమ్మే చేతి పరికరం ఎయిర్‌బ్రష్, ఆ రెండింటినీ మన చేతిలో పెడుతుంది. అందుకే ఈ పరికరం నేర్చుకోవడానికి పడే శ్రమ ఊరికే పోదని గట్టిగా నమ్ముతాను.

ఇదంతా వేలి నేర్పు అని కొత్తవారు అనుకుంటారు. వేలి పట్టు సాధనతో త్వరగానే వస్తుంది. రంగు ఎంత పల్చగా ఉంది, గాలి ఎంత ఒత్తిడితో వస్తోంది, నాజిల్ (రంగు బయటికి వచ్చే సన్నటి కొస) ఎంత దూరంలో ఉంది అనే మూడు విషయాల పొత్తు తెలియడమే అసలు విద్య. వీటిలో ఒకటి మారితే మిగతా రెండూ సర్దుకోవాలి. కింద చెప్పిన ప్రతి మెట్టులోనూ ఈ మూడే మళ్లీ మళ్లీ వస్తాయి.

ఉదాహరణగా మన రైల్వేలో బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్‌ను తీసుకుందాం. పైకప్పు లేని ఎత్తు గోడల వ్యాగన్ ఇది. కాజీపేట, విజయవాడ వైపు ప్రయాణించినవారికి బాగా తెలిసిన బండి. కప్లర్లతో (బండ్లను కలిపే కొక్కేలతో) కలిపి అసలు పొడవు 10.7 మీటర్లు, హెచ్‌ఓలో 12.3 సెంటీమీటర్లు. ఒకటే రంగు, లోపల మోటారు లేదు, గోడల మీద నిలువు పక్కటెముకలు ఉన్నాయి కాబట్టి మూలల్లో రంగు వేయడం కూడా నేర్చుకోవచ్చు. మొదటి పాఠానికి ఇంజన్ కంటే ఇదే మేలు.

కొనవలసినవి

ఎయిర్‌బ్రష్‌లు ప్రధానంగా రెండు రకాలు. సింగిల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ నొక్కితే గాలీ రంగూ కలిసే వస్తాయి. రంగు మోతాదు మార్చాలంటే ఆపి మర తిప్పాలి. డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. మొదటిది సులువని చెప్పి చాలామంది దానితో మొదలుపెట్టిస్తారు. వ్యాగన్ మొత్తానికి ఒకే రంగు కొట్టడానికి అది చాలు. కానీ మసి, దుమ్ము, తుప్పు చూపించే దశకు వచ్చేసరికి రంగును సన్నటి పొగలా వదలగలగాలి. అందుకని మొదటి నుంచీ డబుల్ యాక్షన్‌తోనే అలవాటు పడమని నా సలహా.

రంగు గిన్నె పైన ఉండే గ్రావిటీ ఫీడ్ రకం తీసుకోండి. రంగు తన బరువుతోనే కిందికి దిగుతుంది కాబట్టి తక్కువ ఒత్తిడితో పని జరుగుతుంది, కొన్ని చుక్కల రంగుతోనే పని నడుస్తుంది. కింద సీసా వేలాడే రకానికి రంగును పైకి లాగడానికి ఎక్కువ గాలి కావాలి. నాజిల్ 0.3 మిల్లీమీటర్లది అన్ని పనులకూ సరిపోతుంది. 0.2 నాజిల్ సన్నటి గీతలకు బాగుంటుంది గానీ ప్రైమర్ (అసలు రంగుకు ముందు వేసే పూత) వేస్తే తరచూ మూసుకుపోతుంది. ఇవాటా, బ్యాడ్జర్, పాష్ వంటివి పేరున్న కంపెనీలు. వాటి ధర అందకపోతే మామూలు రకంతోనూ నేర్చుకోవచ్చు. కొనే ముందు విడి నాజిల్, విడి సూది (నాజిల్‌లో రంగు దారిని తెరిచి మూసేది) దొరుకుతాయో లేదో చూసుకోండి. పాడయ్యేవి అవే.

డబ్బు ఎక్కడైనా కాస్త ఎక్కువ పెట్టాలంటే కంప్రెసర్ మీద పెట్టండి. గాలి నిల్వ ఉంచే ట్యాంకు ఉన్నదే తీసుకోవాలి. ట్యాంకు లేనిదైతే పిస్టన్ కొట్టుకున్న ప్రతిసారీ గాలి అదురుతుంది, ఆ అదురు రంగులో చారలుగా కనిపిస్తుంది. 3 లీటర్ల ట్యాంకున్న చిన్న కంప్రెసర్ ఇంటి పనికి చాలు. దానికి ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్, నీటిని పట్టే ట్రాప్ తప్పనిసరి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల్లో వానాకాలంలో గాలిలో తేమ ఎంతో చెప్పనక్కరలేదు. ఆ తేమ ట్యాంకులో నీరై, గొట్టం గుండా వచ్చి, ఆరని రంగు మీద చుక్కలుగా పడుతుంది. పని అయిన ప్రతిసారీ ట్యాంకు అడుగున ఉన్న మర తిప్పి నీటిని వదిలేయండి.

గాలి, గది, ఊపిరి

ఈ భాగాన్ని దాటవేయవద్దు. ఎయిర్‌బ్రష్ రంగును కంటికి కనిపించనంత సన్నటి బిందువులుగా చీలుస్తుంది. అవి ఊపిరితిత్తుల్లోకి నేరుగా పోతాయి. మామూలు ఎన్95 మాస్కు రంగు కణాలను ఆపుతుంది గానీ థిన్నర్ (రంగును పల్చబరిచే ద్రవం) ఆవిరిని ఆపలేదు. ఎనామెల్, లాకర్ (లక్క తరహా) రంగులు వాడేవారు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే పెట్టుకోవాలి. నీటితో కలిసే యాక్రిలిక్ రంగు అయినా సరే, మాస్కు లేకుండా కొట్టకూడదు.

స్ప్రే బూత్ ఉంటే మంచిది. లేకపోతే మూడు వైపులా మూసిన అట్టపెట్టె వెనుక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, ఆ గాలి కిటికీ బయటికి పోయేలా గొట్టం అమర్చండి. మండే థిన్నర్ వాడేటప్పుడు ఆవిరి ఆ ఫ్యాను మోటారు గుండా పోతే నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. అలాంటి రంగులకు, మోటారు గాలి దారిలో లేని బూతే వాడాలి. గ్యాస్ పొయ్యి, దేవుడి దగ్గర దీపం, అగరబత్తి ఉన్న గదిలో ఈ పని వద్దు. సీలింగ్ ఫ్యాను ఆపేయాలి. అది రంగును చెదరగొట్టడమే కాక, గదిలోని దుమ్మునంతా తడి రంగు మీద అంటిస్తుంది.

రంగు, థిన్నర్

మూడు కుటుంబాలు ఉన్నాయి. వల్లేహో వంటి నీటి యాక్రిలిక్‌లు వాసన తక్కువ, ఇంట్లో పనికి అనుకూలం. తమియా యాక్రిలిక్‌లు ఆల్కహాల్ ఆధారంగా పనిచేస్తాయి, ఎయిర్‌బ్రష్‌లో చాలా మెత్తగా పడతాయి. హంబ్రోల్ వంటి ఎనామెల్‌లు నునుపుగా ఆరతాయి గానీ, పూర్తిగా గట్టిపడడానికి కొన్ని రోజులు పడుతుంది. పాత రైలు మోడలిస్టులు ఎంతో ఇష్టపడిన ఫ్లోక్విల్ రంగుల తయారీ 2013లో ఆగిపోయింది. పాత వ్యాసాల్లో ఆ పేర్లు కనిపిస్తే వెతికి అలసిపోకండి.

కొత్తవారికి తమియా గానీ, వల్లేహో మోడల్ ఎయిర్ గానీ చెబుతాను. ఏ రంగుకు ఆ కంపెనీ థిన్నరే వాడండి. వల్లేహో రంగులో తమియా థిన్నర్ పోస్తే గిన్నెలోనే జిగురు ముద్ద అవుతుంది, ఆ ముద్ద నాజిల్‌లోకి చేరితే సాయంత్రమంతా దాన్ని తీయడానికే సరిపోతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఎన్‌సీ థిన్నర్‌ను రంగులో కలపవద్దు. అది ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. లోహపు భాగాలు కడగడానికి మాత్రం పనికొస్తుంది.

పాళ్ల విషయానికి వస్తే, తమియాకు రంగు ఎంతో థిన్నరూ అంత, లేదా కొంచెం ఎక్కువ. మోడల్ ఎయిర్ పల్చగానే వస్తుంది, కొన్ని చుక్కల థిన్నర్ చాలు. హంబ్రోల్‌కు సగానికి సగం. ఈ అంకెలు మొదలుపెట్టడానికే. చిన్న గిన్నెలో కలిపి, పుల్లతో రంగును గోడ మీదికి తోసి చూడండి. గ్లాసు గోడ మీద పాలు జారినట్టు జారి, వెనుక పల్చటి పొర మిగలాలి. గోడకు అంటుకుని దిగకపోతే చిక్కన, ఏమీ మిగలకుండా జారిపోతే మరీ పల్చన. రంగు గిన్నెలో పోసే ముందు సన్నటి నైలాన్ గుడ్డలో వడకట్టండి. పాత సీసా మూత అంచున ఎండిన ఒక్క పొలుసు పడినా నాజిల్ మూసుకుపోతుంది.

నీళ్లతో మొదలు

మోడల్‌ను అలమరలోనే ఉంచండి. గిన్నెలో నీళ్లు పోసి, పాత వార్తాపత్రిక మీద సాధన మొదలుపెట్టండి. రెగ్యులేటర్‌ను 15 నుంచి 20 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య పెట్టాలి. అయితే ట్రిగ్గర్ నొక్కి, గాలి వస్తుండగానే ముల్లు చూసి సరిచేయాలి. గాలి ఆగి ఉన్నప్పుడు 20 చూపించే ముల్లు, గాలి వదలగానే కొన్ని అంకెలు పడిపోతుంది. పుస్తకాల్లో రాసిన ఒత్తిడితో ఫలితం రావడం లేదని వాపోయేవారిలో చాలామందికి కారణం ఇదే.

డబుల్ యాక్షన్‌లో ఒక క్రమం ఉంది. ముందు గాలి, తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు, తర్వాత గాలి. అంటే ట్రిగ్గర్ నొక్కి, గాలి వస్తున్న తర్వాతే మెల్లగా వెనక్కి లాగాలి. ముగించేటప్పుడు ట్రిగ్గర్‌ను ముందుకు పూర్తిగా పంపి, ఆ తర్వాతే వేలు ఎత్తాలి. ఇది తలకిందులైతే నాజిల్ కొసన రంగు బొట్టు నిలిచి, మళ్లీ నొక్కగానే మోడల్ మీద ఎగిరి పడుతుంది. ఈ ఒక్క అలవాటు వేలికి పట్టేదాకా నీళ్లతోనే ఆడండి.

తర్వాత నల్ల రంగు కలిపి తెల్లకాగితం మీద ఈ వరుసలో చేయండి:

1. 2 సెంటీమీటర్ల దూరం నుంచి చుక్కలు పెట్టండి. ఒకే పరిమాణంలో, ఒకే వరుసలో రావాలి.
2. చుక్కలను కలుపుతూ గీతలు గీయండి. మణికట్టు తిప్పకుండా మోచేయి నుంచి చేతిని కదపాలి. మణికట్టు తిరిగితే గీత మధ్యలో దగ్గరై, చివర్లలో దూరమవుతుంది.
3. 7 సెంటీమీటర్ల దూరం నుంచి ఒక చతురస్రం నింపండి. చెయ్యి చతురస్రం బయటే కదలడం మొదలుపెట్టాలి, రంగు అంచు దాటాకే ఆగాలి. ప్రతి వరుసా ముందు వరుసలో సగాన్ని కప్పాలి.
4. ఒక చివర నలుపు, మరో చివర తెలుపు, మధ్యలో మెల్లగా కరిగిపోయే నీడ. ఇది వచ్చిందంటే మసి వేయడం సగం వచ్చినట్టే.

కాగితం రంగును పీల్చేస్తుంది కాబట్టి అక్కడ బాగా వచ్చింది ప్లాస్టిక్ మీద కారిపోవచ్చు. చివరగా ఖాళీ ప్లాస్టిక్ డబ్బా మీద కూడా సాధన చేయాలి. తప్పు ఎక్కడుందో రంగే చెబుతుంది. రంగు సాలీడు కాళ్లలా నాలుగు వైపులా పాకితే పల్చన ఎక్కువైంది, లేదా ఒత్తిడి ఎక్కువైంది, లేదా మరీ దగ్గరికి వెళ్లారు. గరుకు కాగితంలా పొడిపొడిగా ఆరితే చాలా దూరం నుంచి కొడుతున్నారు, లేదా రంగు దారిలోనే ఎండుతోంది. ఉమ్మినట్టు ఆగి ఆగి వస్తే సూది కొసన రంగు ఎండింది. గిన్నెలో బుడగలు లేస్తే నాజిల్ సరిగ్గా కూర్చోలేదు, మూసుకుపోయింది, లేదా పగిలింది.

మే నెల మధ్యాహ్నం తెలంగాణలో గానీ, రాయలసీమలో గానీ యాక్రిలిక్ కొట్టి చూసినవారికి సూది కొస ఎండడం అంటే ఏమిటో తెలుస్తుంది. రెండు మూడు నిమిషాలకే రంగు ఆగిపోతుంది. తెల్లవారుజామున పని పెట్టుకోవడం, రంగులో కొన్ని చుక్కల రిటార్డర్ (రంగు త్వరగా ఆరకుండా చేసే ద్రవం) కలపడం, థిన్నర్‌తో తడిపిన దూది పుల్లతో కొసను తరచూ తుడవడం తప్ప మరో దారి లేదు. తుడిచేటప్పుడు గాలి ఆపి, సూది మొన వంగకుండా చూసుకోవాలి. మొన కాస్త వంగినా రంగు పక్కకు చిమ్ముతుంది.

కడగడం

రంగు మార్చినప్పుడు, పని ముగిసినప్పుడు, రెండుసార్లూ కడగాలి. గిన్నెలో మిగిలిన రంగు తీసేసి, థిన్నర్ పోసి, రంగు లేని పొగ వచ్చేదాకా పాత గుడ్డలోకి వదలండి. తర్వాత నాజిల్ ముందు దూది అడ్డం పెట్టి, ట్రిగ్గర్ మెల్లగా లాగితే గాలి వెనక్కి తన్ని గిన్నెలో బుడగలు లేస్తాయి. మూలల్లో దాగిన రంగు పైకి తేలుతుంది. మళ్లీ థిన్నర్, మళ్లీ బుడగలు, థిన్నర్ తేటగా కనిపించేదాకా.

రోజు పని ముగిశాక సూదిని బయటికి తీసి, వేళ్ల మధ్య మెత్తటి గుడ్డ పట్టుకుని, వెనుక నుంచి మొన వైపుగా తుడవండి. మొన నుంచి వెనక్కి తుడిస్తే వేలికి గుచ్చుకుంటుంది, మొనా పాడవుతుంది. నాజిల్‌ను ప్రతిసారీ విప్పనక్కరలేదు. అది చాలా చిన్నది, మర బిగువు ఎక్కువైతే తెగిపోతుంది. ఎయిర్‌బ్రష్‌ను మొత్తంగా థిన్నర్‌లో ముంచి ఉంచడం మాత్రం వద్దు. లోపలి రబ్బరు రింగులు ఉబ్బి పోతాయి.

వ్యాగన్ సిద్ధం చేయడం

బోగీలు (వ్యాగన్ కింద చక్రాలు బిగించే చట్రాలు), చక్రాలు, కప్లర్లు విప్పి పక్కన పెట్టండి. గిన్నెలు కడిగే సబ్బు కొన్ని చుక్కలు వేసిన గోరువెచ్చని నీటిలో, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో బాడీని కడగండి. అచ్చు నుంచి తీయడానికి వాడిన నూనె, వేలి జిడ్డు ఏ కొంచెం మిగిలినా రంగు అక్కడ పట్టదు. ఆరాక చేతి తొడుగులతోనే పట్టుకోవాలి. 3డి ప్రింటు తీసిన బాడీ అయితే పొరల గీతలను సన్నటి నీటి ఉప్పుకాగితంతో ముందే రుద్దేయాలి. రంగు పడ్డాక ఆ గీతలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి, దాగవు.

బోగీ మర దూరే రంధ్రంలో వెదురు పుల్ల దిగ్గొట్టి, దాన్ని పట్టుకుని బాడీని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. చక్రాల్లో పట్టాను తాకే అంచుకు, ఇరుసు మొనలకు, బోగీలో ఇరుసు కూర్చునే గుంటకు రంగు తగలకూడదు. ఇరుసు గుంటలో రంగు పడితే వ్యాగన్ బరువుగా కదులుతుంది. కప్లర్ కదిలే భాగాలకూ రంగు వద్దు, అవి అతుక్కుంటాయి.

ప్రైమర్

బూడిద రంగు ప్రైమర్ వేయండి. దాని పని రెండు రకాలు: పై రంగుకు పట్టు ఇస్తుంది, గీతలు, జిగురు మరకలు ఎక్కడున్నాయో బయటపెడుతుంది. 20 పీఎస్‌ఐ, 7 నుంచి 8 సెంటీమీటర్ల దూరం. మొదటి పొర వేసినప్పుడు ప్లాస్టిక్ ఇంకా కనిపిస్తూనే ఉండాలి. అంత పల్చగా వేయాలి. పది నిమిషాలు ఆగి రెండోది, మళ్లీ ఆగి మూడోది. ఒకేసారి కప్పేయాలనే తొందర వద్దు. ప్రైమర్ ఆరాక లైటు కింద పక్కవాటుగా పట్టి చూసి, లోపం కనిపించిన చోట రుద్ది, అక్కడికి మాత్రమే మళ్లీ వేయండి. ఒక రాత్రి ఆరనివ్వాలి.

అసలు రంగు

చాలా బాక్స్‌ఎన్ బండ్లు ముదురు రెడ్ ఆక్సైడ్ రంగులో కనిపిస్తాయి. సీసాలోని రంగును ఉన్నది ఉన్నట్టు కొడితే మోడల్ మీద అది మరీ ముదురుగా, నల్లగా కనిపిస్తుంది. మోడల్‌ను మనం చూసే దూరం, అసలు బండిని పదుల మీటర్ల దూరం నుంచి చూసినట్టు. దూరం రంగును కాస్త పాలిపోయేలా చేస్తుంది. అందుకని రంగును కొంచెం తేలిక చేయాలి. ఇందుకు తెలుపు కలిపితే ఎరుపు గులాబీ వైపు వెళ్లిపోతుంది. ఇసుక రంగు గానీ, లేత గోధుమ గానీ పదోవంతు కలపండి.

ముందు అడుగు భాగం, బోగీలు ముదురు బూడిద లేదా నలుపు. తర్వాత బాడీ. ఇక్కడే పక్కటెముకలు పాఠం చెబుతాయి. నేరుగా ఎదురుగా కొడితే పక్కటెముక ముందు భాగానికే రంగు చేరుతుంది, పక్క గోడలు బూడిదగా మిగులుతాయి. మూలలోకి వెళ్లిన గాలి తిరిగి వెనక్కి కొట్టి, రంగును అక్కడ నిలవనివ్వదు. ఒత్తిడిని 15కు తగ్గించి, 4 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చి, ముందు ప్రతి పక్కటెముక ఎడమ మూలనూ, తర్వాత కుడి మూలనూ, ఆపై పై నుంచీ కింది నుంచీ కోణంలో కొట్టండి. మూలలన్నీ అయ్యాకే దూరం పెంచి, గోడ అంతటా వరుసలు వేయాలి. వరుస తిప్పేస్తే మూలల కోసం మళ్లీ మళ్లీ వెళ్లి గోడ మీద పూత మందం చేస్తారు.

పొరకూ పొరకూ మధ్య రంగు తడి మెరుపు పోయేదాకా ఆగండి. కొట్టేటప్పుడు లైటును పక్కవాటుగా పెట్టుకుంటే, రంగు పడిన క్షణంలో సన్నటి తడి మెరుపు కనిపిస్తుంది. ఆ మెరుపు అప్పుడే వచ్చి అప్పుడే పోవాలి. వచ్చి నిలిచిపోతే తడి ఎక్కువైంది, చెయ్యి వేగం పెంచాలి. అసలు రాకపోతే పొడిగా పడుతోంది, దగ్గరికి రావాలి. కంటికి ఈ మెరుపు అలవాటైతే ఇక పీఎస్‌ఐ అంకెల వైపు తరచూ చూడనక్కరలేదు.

లోపలి గోడలు మరచిపోవద్దు. పైకప్పు లేని బండి కాబట్టి లోపలే ఎక్కువ కనిపిస్తుంది.

అక్షరాలు

మెరుపు లేని రంగు మీద డెకాల్ (అక్షరాలు అచ్చువేసిన పల్చటి పొర) అతికిస్తే కింద గాలి చిక్కుకుని, అంచుల చుట్టూ వెండి మెరుపు మిగులుతుంది. కాబట్టి డెకాల్ వేసే చోట ముందు మెరుపునిచ్చే గ్లాసీ వార్నిష్ కొట్టి, ఒక రోజు ఆరనివ్వాలి. డెకాల్‌ను నీటిలో నానబెట్టి జరిపి, మైక్రో సెట్, మైక్రో సోల్ వంటి ద్రవాలతో పక్కటెముకల మీదికి మెత్తబరచాలి. మైక్రో సోల్ వేశాక డెకాల్ ముడతలు పడుతుంది. ముట్టుకోకండి, ఆరేసరికి అదే సర్దుకుంటుంది.

మన వ్యాగన్ నంబరు 11 అంకెలది. మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాతి రెండు సొంతదారు జోన్, ఆపై రెండు తయారైన సంవత్సరం, నాలుగు వరుస సంఖ్య, చివరిది సరిచూసుకునే అంకె. ఇది తెలిస్తే మీరు చేసే రేకులో (ఒకటిగా నడిచే వ్యాగన్ల వరుసలో) ఒకే సంవత్సరపు బండ్లే ఉండకుండా చూసుకోవచ్చు. డెకాల్ ఆరాక పల్చటి మ్యాట్ వార్నిష్ ఒక పొర. దీంతో డెకాల్ అంచు కనిపించకుండా పోతుంది, మసికి పట్టు వస్తుంది.

మసి, దుమ్ము, తుప్పు

ఎయిర్‌బ్రష్ నేర్చుకున్నందుకు అసలు ఆనందం ఇక్కడ దొరుకుతుంది. మొదలుపెట్టే ముందు నిజం బండ్లను చూడండి. ప్లాట్‌ఫాం మీద నుంచి గానీ, రోడ్డు వంతెన మీద నుంచి గానీ చూడండి. పట్టాల మీదికి దిగడం రైల్వే చట్టం సెక్షన్ 147 ప్రకారం నేరం, ప్రాణానికీ ప్రమాదం. ఫొటోలు తీసుకుని, ఏ మురికి ఎక్కడ, ఎందుకు పడిందో గమనించండి. బొగ్గు పై నుంచి నింపుతారు కాబట్టి గోడల పై అంచులు, వాటి కింద ఒక జానెడు మేర నల్లగా ఉంటాయి. ఖాళీ చేయడానికి టిప్లర్ యంత్రం వ్యాగన్‌ను మొత్తంగా పక్కకు తిప్పేస్తుంది, అప్పుడు ఒకవైపు గోడ మీదుగా బొగ్గు పొడి జారుతుంది. చక్రాల దగ్గర బ్రేకు దుమ్ము, పట్టాల తుప్పు కలిసి గోధుమ రంగు పొగ చుట్టుకుంటుంది. ఎండకు పాలిపోయేది గోడల నడుమ భాగం.

ఈ రంగులకు ఒత్తిడి 10 నుంచి 12 పీఎస్‌ఐ, రంగు ఒక పాలు, థిన్నర్ నాలుగైదు పాళ్లు. ఇంత పల్చటి రంగును తడిసేలా కొడితే కారిపోతుంది. ట్రిగ్గర్‌ను వెంట్రుకవాసి మాత్రమే లాగాలి. మొదటి పొరకు ఏమీ మారినట్టు అనిపించదు, మూడో నాలుగో పొరకు కనిపిస్తుంది. వరుస ఇది: ముందు గోడల నడుమ లేత ఇసుక రంగు అతి పల్చగా, తర్వాత కింది అంచు, బోగీల మీద మట్టి గోధుమ, చివరికి పై అంచున, లోపల బొగ్గు నలుపు. స్వచ్ఛమైన నలుపు వాడకండి, కొంచెం గోధుమ కలిపితేనే బొగ్గు మసిలా ఉంటుంది. టిప్లర్ వైపు గోడ మీద, నాజిల్‌ను పై నుంచి కిందికి నిలువుగా పట్టుకుని రెండు మూడు చారలు వదలండి. అవతలి గోడను తేలికగా వదిలేయండి.

ఎక్కడ ఆపాలో తెలియడం కష్టం. సరిపోయిందని అనిపించే దానికి కాస్త ముందే ఆపి, మర్నాడు పగటి వెలుతురులో చూడమంటాను. మురికి చేర్చడం తేలిక, తీయడం కష్టం. పూర్తిగా నచ్చకపోతే, యాక్రిలిక్ రంగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి రుద్దితే చాలావరకు ఊడివస్తుంది. ముందు కనిపించని మూల మీద పరీక్షించుకోండి.

ఇంజన్‌కు వెళ్లేటప్పుడు

ఇంజన్‌లో బాడీని చట్రం నుంచి విడదీశాకే రంగు పని. మోటారు, డీకోడర్ (ఇంజన్‌ను నడిపే డిజిటల్ సంకేతాలు అందుకునే చిన్న సర్క్యూట్), విద్యుత్తును తీసుకునే పలకల దగ్గరికి రంగు పొగ పోకూడదు. తెలుపు మీద ఎర్ర పట్టీ ఉండే వ్యాప్-7 వంటి ఇంజన్‌కు లేత రంగే ముందు వేయాలి. తెలుపు పూర్తిగా ఆరాక, కనీసం ఒక రోజు తర్వాత, మాస్కింగ్ టేపు అంటించి అంచును చెక్క పుల్లతో గట్టిగా నొక్కండి. ఎరుపు కొట్టే ముందు టేపు అంచు వెంట మళ్లీ తెలుపే పల్చగా ఒక పొర కొట్టాలి. టేపు కింద ఎక్కడైనా సందు ఉంటే ఆ తెలుపే అందులోకి దూరి మూసేస్తుంది, ఎరుపు పాకదు. టేపును ఎరుపు కాస్త తడిగా ఉండగానే, పైకి లాగకుండా వెనక్కి మడిచి మెల్లగా తీయండి.

వ్యాగన్లతో రేకు కట్టేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. అసలు బొగ్గు రేకులో అన్ని బండ్లూ ఒకే తీరుగా మాసి ఉండవు. ఒకటి విజయవాడ పక్కన రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో మరమ్మతు ముగించుకుని కొత్త రంగుతో వచ్చి ఉంటుంది, దాని పక్కది ఏళ్ల తరబడి బొగ్గు మోసి నల్లబడి ఉంటుంది. కాబట్టి ఒకే రోజు ఒకే గిన్నె రంగుతో అన్నింటికీ మసి వేయకండి. పాళ్లు మార్చండి, ఒకదానికి మసి అసలు వేయకుండా వదిలేయండి. ఏ వ్యాగన్‌కు ఏ రంగు, ఎన్ని చుక్కలు, ఎంత ఒత్తిడి వాడారో చిన్న నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంటే, ఆరు నెలల తర్వాత తలుపు విరిగిన వ్యాగన్‌కు అతుకు వేసినప్పుడు అదే రంగు మళ్లీ కలపగలుగుతారు.